ఊదడం కాదు మామ్మా, లాగాలి

రెండేళ్ళ కిందట, చలి ముదిరిన పుష్యమాసంలో ఒకరోజు పొద్దున్నే ఓ మామ్మ మా మందుల షాపు మెట్టెక్కింది. ఉన్నది ఒకటే మెట్టు. అదెక్కి, కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డాక నోట మాట రావడానికి నిమిషం పైనే పట్టింది. సంచిలోంచి రోటాక్యాప్‌ల డబ్బా తీసి నా ముందు పెట్టింది.

"ఏటి బాబూ ఈ మందు, ఏటీ పన్జెయ్యనేదు. పూటకొకటి సొప్పున మింగుతునే ఉన్నాను."

"మింగుతున్నావా? దీంతోపాటు ఓ ప్లాస్టిక్ గొట్టం ఇచ్చాం కదా మామ్మా, అదేదీ?"

"అదా? మనవడు ఈలనుకొని ఊదుకుంతన్నాడు. పిల్లడి కోసం ఇచ్చినారనుకున్నాను."

నవ్వు ఆపుకున్నాను. డబ్బా తిప్పి చూశాక ఆపుకోవాల్సిన అవసరం లేకపోయింది. దాని మీద నా చేతిరాతే ఉంది: "ఉ 1, రా 1". జ్వరం బిళ్ళల మీద ఎలా రాస్తానో అలాగే రాశాను. మందు చూస్తే క్యాప్సూల్‌లా ఉంది, డబ్బా మీద పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని ఉంది. ఏ మనిషైనా ఏం చేస్తాడు? మంచినీళ్ళు పోసుకుని మింగుతాడు. ఆ గొట్టంలో పెట్టి పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాల్సిన పొడి నలభై రోజులుగా కడుపులోకి పోతోంది. తప్పెవరిదో వెతకడానికి నేను షాపు దిగనక్కర్లేదు.

నాది శ్రీకాకుళం జిల్లాలో ఓ మండల కేంద్రం. ఇరవై నాలుగేళ్ళుగా ఇదే కౌంటరు వెనక నిలబడుతున్నాను. ఆ మామ్మకి ముందు ఎన్ని వందలమందికి ఇన్‌హేలర్లు అమ్మి ఉంటానో. వాళ్ళలో ఎంతమంది మింగారో, ఎంతమంది ఎదురు ఊదారో, ఎంతమంది పాడైపోతుందని ట్రంకుపెట్టెలో దాచుకున్నారో నాకు తెలీదు, ఎందుకంటే ఏనాడూ అడగలేదు. ఆ రోజు నుంచి ఒక పట్టుదల పెట్టుకున్నాను. అరవై దాటినవాళ్ళు నా కళ్ళ ముందు ఒకసారి వాడి చూపించాకే ఇన్‌హేలర్ సంచిలో పెడతాను. దీనివల్ల తొందరలో ఉన్న గిరాకీ కొంత పక్క షాపుకి పోయింది. పోనీ.

ఆయాసం అంటే మా వైపు అందరికీ తెలుసు, సీఓపీడీ అంటే ఎవరికీ తెలీదు. ఉబ్బసం వచ్చి పోతుంటుంది. సీఓపీడీలో ఊపిరి గొట్టాలు ఏళ్ళ తరబడి పొగకి దెబ్బతిని ఇరుకైపోతాయి, ఆ ఇరుకు మళ్ళీ మొదటికి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో దీనితో పోయినవాళ్ళు సుమారు 35 లక్షల మంది. పూర్తిగా నయం చేసే మందు లేదు. మిగిలిన ఊపిరిని కాస్త సుఖంగా నడిపించే మందులున్నాయి. వాటిలో ముఖ్యమైనవన్నీ పీల్చే మందులే, అవీ సరిగ్గా పీలిస్తేనే.

పొగ అనగానే బీడీ, సిగరెట్టు అనుకుంటాం. నా దగ్గరికొచ్చే మామ్మల్లో చాలామంది బీడీ ముట్టనేలేదు. వాళ్ళు ముట్టింది ఊదుగొట్టాన్ని. కాపరానికొచ్చిన దగ్గర్నుంచి తడి కట్టెలు, పిడకలు, కళ్ళమ్మట నీళ్ళు. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్జ్వల వచ్చింది. గ్యాసు బండ వంటింట్లోకి చేరింది గానీ స్నానాలకి నీళ్ళు కాచే పొయ్యి మాత్రం చాలా ఇళ్ళలో పెరట్లో అలాగే ఉంది. యాభై ఏళ్ళు గొట్టం నోటికి పెట్టుకుంటే ఊదడం తప్ప మరో పని తెలియని నోరు అది. ఆ నోటికి మేం ఇంకో గొట్టం ఇచ్చి, బిల్లు కొట్టి, "వాడు మామ్మా" అంటాం. ఊదుతుంది. ఊదితే పొడంతా ఎగిరి బయటికొస్తుంది, నోటి తేమకి మిగిలింది గడ్డకడుతుంది. మా సముద్రపు గాలికి అసలే అన్నీ చెమ్మగిల్లుతాయి.

"ముసలాళ్ళకి ఎంత చెప్పినా బుర్రకెక్కదు" అన్నది మా రంగంలో అందరి నోటా వినిపించే మాట. నేనూ అన్నాను. ఇప్పుడు నాకు ఒళ్ళు మండే మాటల్లో అదొకటి. మా ఉత్తరాంధ్ర ఊళ్ళలో అడ్డపొగ తాగే ఆడవాళ్ళని చూడండి. వెలిగించిన చుట్టని తిప్పి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, నాలుక కాలకుండా, బూడిద రాలకుండా, నాట్లేస్తూ కబుర్లు కూడా చెప్పుకుంటారు. (దానివల్ల అంగిట్లో కేన్సర్ వస్తుంది, ఆ సంగతి వేరే.) నోట్లో నిప్పు పెట్టుకుని శ్వాసని అంత ఒడుపుగా నడిపించగల మనిషికి ప్లాస్టిక్ గొట్టం వాడటం రాదంటే, నేర్పినవాడికి నేర్పడం రాలేదని అర్థం.

చదువు లేకపోవడం వల్ల అనుకునేవాళ్ళకి ఒక లెక్క చెప్తాను. 2016లో చెస్ట్ అనే వైద్య పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. 1975 నుంచి 2014 దాకా రకరకాల దేశాల్లో జరిగిన 144 పరిశోధనలని, 54 వేల పైచిలుకు మనుషుల లెక్కని కలిపి చూశారు. ఇన్‌హేలర్ పూర్తిగా సరిగ్గా వాడినవాళ్ళు 31 శాతం. నలభై ఏళ్ళలో ఆ అంకె పెరగనే లేదు. పొడి ఇన్‌హేలర్లు వాడేవాళ్ళలో 46 శాతం మంది పీల్చేముందు ఊపిరి బయటికి వదలరు. ఇదంతా మా మామ్మల గురించి కాదు, చదువుకున్న దేశాలవాళ్ళు కూడా అందులో ఉన్నారు.

నా సంగతీ చెప్పేస్తాను. మామ్మ వచ్చి వెళ్ళిన వారానికి ఓ కంపెనీ మెడికల్ రెప్ వస్తే, మందు లేని డెమో స్ప్రే (డబ్బా నొక్కి పీల్చే రకం ఇన్‌హేలర్) అడిగి తీసుకుని "నేను చేస్తాను, చూసి చెప్పు" అన్నాను. కుర్రాడు మొహమాటపడ్డాడు. రెండు తప్పులు చెప్పాడు, మూడోది మింగేశాడనుకుంటాను. ఊపక ముందే నొక్కానట. నొక్కాక పీల్చానట, రెండూ ఒకేసారి జరగాలి. ఇరవై రెండేళ్ళ అనుభవం అప్పటికి నాది!

ఆ స్ప్రే పుట్టుకలోనే ఓ తిరకాసుంది. అమెరికాలో రైకర్ అనే మందుల కంపెనీ అధిపతి జార్జ్ మైసన్‌కి పదమూడేళ్ళ కూతురుండేది, ఆ పిల్లకి ఆస్తమా. అప్పట్లో రబ్బరు బుడ్డి పిసికి పీల్చే గాజు సాధనం వాడేవారు. జుట్టుకి కొట్టుకునే స్ప్రేలా నా మందు డబ్బాలో ఎందుకు రాదు అని ఆ పిల్ల అడిగిందట. 1956కల్లా మొదటి స్ప్రే ఇన్‌హేలర్ బజార్లోకి వచ్చేసింది. చక్కటి ప్రశ్న, గొప్ప జవాబు. కాకపోతే ఆ జవాబు పదమూడేళ్ళ వేళ్ళకి సరిపోయేది. కణుపులు వాచి, బొటనవేలు వంగని డెబ్భై రెండేళ్ళ చేతికి ఆ డబ్బా నొక్కడమే ఒక పని. నొక్కే క్షణానికీ పీల్చే క్షణానికీ పొంతన కుదరాలంటే ఇంకా కష్టం. ఓ తాత చేస్తుంటే దగ్గర్నుంచి చూశాను. కుడి చూపుడువేలుతో నొక్కుతాడు, డబ్బా కదలదు. ఇంకా బలం పెడతాడు, ఆ బలానికి ఊపిరి బిగబడుతుంది. చివరికి తుస్సుమంటుంది గానీ అప్పటికి ఆయన ఊపిరి వదులుతున్నాడు. మందు ఆయన కళ్ళజోడు మీద మంచులా పడింది.

ఇంతకన్నా పెద్ద గందరగోళం ఇంకోటుంది. స్ప్రేని మెల్లగా పీల్చాలి, నాలుగైదు సెకన్ల పాటు. రోటాహేలర్ లాంటి పొడి సాధనాన్ని గట్టిగా, ఒక్క గుక్కలో లాగాలి, లేకపోతే పొడి లేవదు. రెండింటికీ పద్ధతి తలకిందులు. ఓ ఆసుపత్రి నుంచి ఒకే చీటీలో రెండూ రాయించుకుని వచ్చినవాళ్ళని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఒకే మనిషి, ఒకే నోరు, పొద్దున ఒకటి మెల్లగా, ఇంకోటి గట్టిగా. ఇన్‌హేలర్ కంపెనీలు కాగితం మీద బొమ్మలేస్తాయి గానీ బొమ్మలో వేగం కనబడదు కదా. నేను మార్కరు పెన్నుతో స్ప్రే మీద "మెల్లగా" అని నీలంతో, గొట్టం మీద "గట్టిగా" అని ఎర్రగా రాసి ఇస్తున్నాను. చదవడం రానివాళ్ళకి రంగు గుర్తుంటుంది. ఒకే రకం సాధనంతో సరిపెట్టగలిగితే డాక్టరుగారు అలాగే రాస్తే బాగుంటుందని ఒకరిద్దరికి ఫోన్ చేసి చెప్పాను కూడా. ఒకరు విన్నారు.

నేర్పడంలో నేను పడ్డ బోల్తాలు చెప్తే మీకు నవ్వొస్తుంది. మొదట్లో స్ప్రేకి "మల్లెపువ్వు వాసన చూసినట్టు మెల్లగా పీల్చు మామ్మా" అనేవాణ్ణి. ఎంత బాగా చెప్పానో అని మురిసిపోయాను. మామ్మ డబ్బా నోట్లో పెట్టుకుని నొక్కి, ముక్కుతో పీల్చింది. వాసన ముక్కుతోనే చూస్తారు మరి. పోలిక మానేసి, నా వేళ్ళు ఒక్కోటీ ముడుస్తూ ఐదు లెక్కపెడతాను, వేళ్ళయ్యేదాకా పీలుస్తూనే ఉండాలి. పొడి గొట్టానికి మాత్రం బొండంలో అడుగున మిగిలిన నీళ్ళని గొట్టంతో లాగినట్టు అంటే వెంటనే అందుకుంటారు. బీడీ మానేసిన తాతలకి "ఆఖరి దమ్ము లాగినట్టు" అని చెవిలో చెప్తాను. మంచి పోలిక కాదని తెలుసు. పని చేస్తుంది.

పీల్చాక ఊపిరి పదిసెకన్లు, లేదా ఓపికున్నంతసేపు బిగబట్టాలి. అది చెప్పడానికి నాకు మాటే దొరకలేదు చాలాకాలం. "ఆపు" అంటే అన్నీ ఆపేసి గొట్టం కింద పెట్టి నా వంక చూసేవాళ్ళు. ఓసారి ఓ మామ్మే చెప్పింది, "మునకేసినట్టా?" అని. అంతే! నాగావళిలోనో వంశధారలోనో మాఘస్నానానికి మునక వేయని మనిషి ఈ జిల్లాలో ఆ వయసువాళ్ళలో ఉండరు. "మునక" అంటే చాలు, కళ్ళు కూడా మూసుకుంటారు.

అన్నిటికన్నా ముందు నేను మానేసింది మాత్రం "అర్థమైందా?" అని అడగడం. ఆ ప్రశ్నకి మన పెద్దవాళ్ళ దగ్గర ఒకటే జవాబు: "ఆఁ." అది అర్థమైందని చెప్పడం కాదు. చదువుకున్న బాబు ఇంతసేపు చెప్పాడు, వెనక ఇంకా మనుషులున్నారు, కాదంటే బాగుండదు అన్న మర్యాద అది. డాక్టరుగారి గదిలో ఆ "ఆఁ" ఇంకా తొందరగా వస్తుంది. తోడొచ్చిన కొడుకైతే "నేను చూసుకుంటాలెండి" అని గొట్టం జేబులో వేసుకుంటాడు, పీల్చేది తను కాకపోయినా. అందుకే ఇప్పుడు "ఏదీ, నాకు చూపించు మామ్మా" అంటాను. నేను మాట్లాడను, చూస్తాను. మొదటిసారి పది నిమిషాలు పడుతుంది. వారం తర్వాత మళ్ళీ రమ్మంటాను. ప్రతి నెలా మందు కొనడానికి వచ్చినప్పుడు మళ్ళీ చూపించమంటాను, రెండు నిమిషాలు. నేర్చుకున్నది నెల తిరిగేసరికి జారిపోతుంది, అందరికీ. ప్రతి విజిట్‌లోనూ పద్ధతి చూడాలని సీఓపీడీ అంతర్జాతీయ మార్గదర్శకాలే చెప్తున్నాయి. ఫోన్లో వీడియో చూపిస్తే చాలనేవాళ్ళతో నాకు పేచీ అక్కడే: వీడియో మనిషికి చూపిస్తుంది గానీ మనిషిని చూడదు.

భయాల సంగతి. "పంపు అలవాటైపోద్ది", "అది ఆఖర్న వాడే మందు", "బిళ్ళే ఇయ్యి బాబూ, తేలిగ్గా ఉంటాది". బిళ్ళ తేలికట! సాల్బుటమాల్ బిళ్ళ 4 మిల్లీగ్రాములది. అదే మందు స్ప్రేలో ఒక్కో నొక్కుకి 100 మైక్రోగ్రాములు. ఒక బిళ్ళకి నలభై నొక్కులు. కౌంటరు మీద అగ్గిపుల్లలు నలభై ఒక కుప్పగా పోసి, ఒక్క పుల్లని పక్కన పెట్టి చూపిస్తాను. కుప్ప ఒళ్ళంతా తిరిగితే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. పుల్ల నేరుగా కావలసిన చోటికే వెళ్తుంది. ఇది చూశాక బిళ్ళ అడిగినవాళ్ళు తక్కువ.

సిగ్గు ఇంకో రకం. ఏటా మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొర్రమీను పిల్లని గొంతులో వేయించుకోవడానికి వేలమంది వరసలో నిలబడతారు, టీవీలో కనబడతారు, ఎవరూ మొహం దాచుకోరు. అదే ఆయాసం మనిషి పెళ్ళిలో రెండు నొక్కులు పీల్చాలంటే బాత్రూము వెతుక్కుంటాడు. ఎందుకో నాకిప్పటికీ అంతుపట్టదు.

స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మాలి. ఈ ఒక్క మాట చెప్పకపోతే ఏమవుతుందో చూశాను: ఓ తాత నాలుక మీద తెల్లటి పూత వచ్చింది, ఇంట్లోవాళ్ళు "వేడి చేసింది" అన్నారు, మజ్జిగ పోశారు, ఇన్‌హేలర్ మానిపించారు. మూడు వారాల్లో ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు.

నాకు పోట్లాట ఉన్న విషయం స్పేసర్. స్ప్రేకి తగిలించే ప్లాస్టిక్ బుర్ర అది. నొక్కిన మందు అందులో నిలుస్తుంది, వెంటనే మెల్లగా పీల్చుకోవచ్చు, నొక్కడానికీ పీల్చడానికీ పొంతన సరిగ్గా కుదరకపోయినా నష్టం తక్కువ. గొంతులో అతుక్కునే మందు తగ్గుతుంది. స్ప్రే వాడే ముసలివాళ్ళకి చీటీలో స్పేసర్ రాయకపోవడం కళ్ళజోడు రాసి తాడు ఇవ్వకపోవడం లాంటిది కాదు, ఫ్రేము రాసి అద్దాలు మర్చిపోవడం లాంటిది. ధర కొన్ని వందలు. అదీ లేదంటే, 1999లోనే దక్షిణాఫ్రికాలో పిల్లల మీద పరీక్షించి చూశారు: అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున స్ప్రే పట్టేంత కన్నం చేసి, స్ప్రే చుట్టూ సందు లేకుండా మూస్తే, కొన్న స్పేసర్‌తో సమానంగా పని చేసింది. ఒక్క జాగ్రత్త. స్పేసర్ని సబ్బునీళ్ళలో కడిగి అలాగే ఆరబెట్టాలి. మామ్మలు కొంగుతో తళతళలాడేలా తుడుస్తారు. ఆ రాపిడికి ప్లాస్టిక్‌కి కరెంటు పట్టి మందంతా గోడలకే అతుక్కుంటుంది. శుభ్రమే శత్రువైన చోటు ఇదొక్కటే చూశాను.

డబ్బాలో మందు అయిపోయాక కూడా తుస్సుమంటూనే ఉంటుంది, అందులో గ్యాసు మిగులుతుంది కాబట్టి. నీళ్ళలో వేసి తేలితే అయిపోయినట్టు అని మా సీనియర్లు నేర్పారు, అది నమ్మదగ్గ పరీక్ష కాదు. లెక్కే దారి. 200 నొక్కుల డబ్బా, రోజుకి నాలుగు నొక్కులు, యాభై రోజులు. అంకెలు తిరిగే కౌంటరు లేని డబ్బాల మీద అయిపోయే తేదీ రాసి ఇస్తాను. మా వాళ్ళకి తేదీ కన్నా తిథి బాగా గుర్తుంటుంది, అదే రాస్తాను: "చవితికి అయిపోతుంది".

ఇంత ఓపిక ఎవరికుంది, దీనికి డబ్బులెవరిస్తారు అని తోటి షాపులవాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఓపీలో వంద మందిని చూసే డాక్టరుకి పది నిమిషాలు లేవు, నాకైతే ఈ పది నిమిషాలకి పైసా రాదు. దీనికి విరుగుడుగా చాలా ఇళ్ళలో నెబ్యులైజర్ మిషను కొనేస్తున్నారు. మాస్కు పెడితే పొగలా వస్తుంది, మనిషి ఏమీ చేయక్కర్లేదు. చేతులు బొత్తిగా రానివాళ్ళకి, మతిమరుపు ముదిరినవాళ్ళకి అది దిక్కే, కాదనను. మిగతావాళ్ళలో చాలామందికి స్ప్రే, స్పేసర్ సరిగ్గా వాడితే అంతే పని జరుగుతుంది. కరెంటు పోయినా ఆగదు, కడగని మాస్కులో బూజు పట్టదు, పెళ్ళికి సంచిలో పట్టుకెళ్ళొచ్చు. నేర్పే పది నిమిషాలు మిగుల్చుకోవడానికి వేలు పోసి మిషను కొనడం నాకు నచ్చదు.

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, ఎవరికి ఏ జబ్బు ముప్పుందో తెలుసుకోవడానికి నింపే సీబ్యాక్ ఫారంలో వంట దేనిమీద చేస్తారన్న ప్రశ్న ఉంది. అంటే ఈ జబ్బు పొయ్యి దగ్గర మొదలవుతుందని సర్కారుకి తెలుసు. బీపీ చూస్తారు, షుగరు చూస్తారు. "మీ పంపు తెండి, ఒకసారి పీల్చి చూపించండి" అన్న ఒక్క మాట ఆ జాబితాలో చేరిస్తే? దానికి సూది అక్కర్లేదు, పట్టీ అక్కర్లేదు, చూసే కళ్ళుంటే చాలు. పీల్చడం ఎలాగో ముందు ఆశాకి, ఏఎన్‌ఎమ్‌కి నేర్పాలి, అంతకన్నా ముందు నాలాంటివాళ్ళకి.

మొదట్లో చెప్పిన మామ్మ ఇప్పటికీ వస్తుంది. మెట్టెక్కాక నిమిషం ఆగేది, ఇప్పుడు ఎక్కుతూనే తిడుతుంది. మొన్న ఆవిడ వచ్చేసరికి బెంచీ మీద ఓ కొత్త తాత ఉన్నాడు, చేతిలో గొట్టం, మొహంలో అయోమయం. నేను బిల్లు కొడుతున్నాను. మామ్మ ఆయన పక్కన కూలబడి గొట్టం లాక్కుంది.

"ఊదకు. ఊదితే పొడంతా నా మొకాన పడతాది. లాగాల. బొండం నీల్లు లాగినట్టు. ఇటు సూడు."

తన సంచిలోంచి తన గొట్టం తీసింది. క్యాప్సూల్ పెట్టింది, తిప్పింది, పెదాలు బిగించి ఒక్క లాగు లాగింది. కళ్ళు మూసుకుని మునక. చూడముచ్చటగా ఉంది. ఒక్కటి తప్ప.

"మామ్మా, లాగేముందు ఊపిరి బయటికి వదల్లేదు నువ్వు."

మునకలోంచి లేచి నా వంక గుర్రుగా చూసింది. "నాకు తెల్దేటి? ఆడికి సెప్తన్నాను గదా, మద్దిలో నువ్వేటి?"